ఒక్క ఏబీ కూడా లేని ఊరు

ఆ పూట కూడా ఆరోగ్యమ్మ పొయ్యి వెలిగించలేదు.

"నా కోడలు వచ్చిందాకా ఈ ఇంట్లో అన్నం ఉడకదు. ఆకలైతే సెంటర్‌కి పోయి ఇడ్లీ తిను," అని కొడుక్కి చెప్పేసి, వీధి కనపడేట్టు వసారాలో కుర్చీ వేసుకుంది.

స్తెఫను నోరు మెదపలేదు. అసలీ తగాదా అంతా అతను నోరు మెదపకపోవడం వల్లే ముదిరింది. నోటి దురుసుతో సంసారాలు చెడగొట్టుకునేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. మౌనంతో చెడగొట్టుకున్నవాడు మటుకు జగ్గయ్యపేట మొత్తానికి ఇతనొక్కడేనేమో.

"అత్తలంటే కోడళ్ళ మీద నిందలేసేవాళ్ళని లోకం అనుకుంటది. నేనేమన్నా అన్నానంట్రా? నువ్వన్నావ్. 'ఒకసారి రక్తం చూపించుకుందామా' అన్నావ్. పెళ్ళాన్ని అడిగే మాటేనా అది?"

"నేను ఆ ఉద్దేశంతో అనలా అమ్మా."

"ఏ ఉద్దేశంతో అన్నావో అప్పుడే చెప్పి ఏడవచ్చుగా! అది సంచీ సర్దుకుని నందిగామ బస్సెక్కుతుంటే గుడ్లప్పగించి చూశావ్. ఆ పిల్ల చెవులు చూడరా. అచ్చం మీ నాన్న చెవులు. చచ్చి ఏ లోకాన ఉన్నాడో జ్ఞానయ్య, ఆ చెవులు మాత్రం ఇక్కడ పెట్టిపోయాడు. దీనికి మళ్ళీ రక్తం చూడాలంట రక్తం!"

ఆ పిల్ల, స్తెఫను కూతురు క్రిస్టీ, లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చుని ఉంది. పిల్లంటే పసిపిల్ల కాదు. ఊళ్ళోని జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్. రక్తం గ్రూపులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా వస్తాయో పాఠం చెబుతూ, పిల్లలకు బాగా అర్థమవుతుందని సొంత ఇంటినే బోర్డు మీద వేసింది. నాన్న ఓ. ఆయన ఫ్యాక్టరీలో రక్తం ఇచ్చే మనిషి, అందులో అనుమానం లేదు. అమ్మ బీ. క్రిస్టీ పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళిచ్చిన కంప్యూటరు చీటీలో అలాగే ఉంది. తను ఏ. ఈమధ్యే కాలేజీ క్యాంపులో చూశారు. మూడూ రాసి, గీతలు కలపబోయి ఆగిపోయింది. ఓ, బీ దంపతుల పిల్ల ఓ అయినా కావాలి, బీ అయినా కావాలి. ఆ సంగతి అంతకుముందు నిమిషమే ఆమే చెప్పింది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగింది. స్తెఫను గోడవైపు తిరిగి, భార్యతో ఆ రక్తం మాట అన్నాడు. మర్నాడు పొద్దున్నే అతని భార్య సూసన్ నందిగామలోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుంది. క్రిస్టీ బయటికొచ్చి తండ్రి వెనక నిలబడింది. స్తెఫను లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. తెర నిండా నీలం రంగు, దాని మీద పసుపు అక్షరాలు. ఇప్పటి మనిషెవరైనా చూస్తే కంప్యూటరు పాడైందనుకుంటారు.

"ఏంటది?"

"పాత ఆసుపత్రి ప్రోగ్రాం."

క్రిస్టీ పుట్టిన నందిగామ ప్రసూతి ఆసుపత్రి మూతబడి చాలాకాలమైంది. స్తెఫను ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తున్నాడు గాని, ఆ రోజుల్లో అక్కడే ఫాక్స్‌ప్రో అనే కంప్యూటరు భాష నేర్పే మాస్టారు. ఆ ఆసుపత్రికి కంప్యూటరు కొన్నప్పుడు ప్రోగ్రాం రాసిచ్చింది అతనే. తన చేత్తో రాసిన మొదటి ప్రోగ్రామని దాన్ని పారేయబుద్ధికాక, కంప్యూటరు మారినప్పుడల్లా కొత్తదాన్లోకి ఎక్కించుకుంటూ వచ్చాడు.

"ఎవర్ని వెతుకుతున్నావ్ నాన్నా?"

స్తెఫను తెర మీది తేదీల వెంట వేలు జరుపుతున్నాడు.

"నిన్నే. ఎవర్ని?"

"ఆ రోజు అక్కడ ఇంకెవరికి ఆడపిల్ల పుట్టిందా అని."

క్రిస్టీకి అర్థమవడానికి కాస్త టైము పట్టింది.

"దొరికితే మార్చుకుంటావా?"

"పిచ్చిపిచ్చిగా మాట్లాడకు."

"నేను మాట్లాడుతున్నానా పిచ్చిగా? అమ్మని పుట్టింటికి పంపి, ఇక్కడ కూర్చుని నాకు అమ్మానాన్నల్ని వెతుకుతున్నది నువ్వు!"

"ఎవరన్నా ఉంటే..." స్తెఫను తెర మీంచి చూపు తిప్పలేదు. "ఉంటే, ముందు నాకు తెలియాలి. వాళ్ళకి తెలిసేలోపల."

ఈ మాట వారం కిందట భార్యతో అని ఉంటే ఎంత బాగుండేది! అనడు. అదీ మన స్తెఫను.

క్రిస్టీ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కోపం పోయి కాదు, తండ్రి ఒకే పేజీని మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నాడని. జాబితాని తనే పైకీ కిందికీ జరుపుతూ చూసింది. కాన్పు తేదీ, బిడ్డ ఆడో మగో, తల్లి పేరు, వయసు, రక్తం గ్రూపు. మళ్ళీ తల్లి పేరు, వయసు, రక్తం గ్రూపు. ఆ రోజు ఒక్క కాన్పే ఉంది. సూసన్‌దే. ముందురోజూ మర్నాడూ పుట్టినవాళ్ళంతా మగపిల్లలు.

"మారడానికి ఇంకో ఆడపిల్లే లేదు నాన్నా."

పిల్ల మారలేదంటే, లోకం అనేందుకు ఇక మిగిలేది సూసన్ మీద నింద ఒక్కటే. అది ఇద్దరికీ తెలుసు. వసారాలో ఆరోగ్యమ్మ జపమాల తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

క్రిస్టీ చెయ్యి మాత్రం ఆగలేదు. పేజీలు తిరుగుతూనే ఉన్నాయి. ఓ, బీ, బీ, ఏ, ఓ, బీ. ఉన్నట్టుండి ముందుకు వంగింది.

"ఒక్క ఏబీ కూడా లేదేంటి?"

"ఏంటి?"

"ఇన్ని వందలమంది తల్లులున్నారు కదా. ఎక్కడైనా కొద్దిమందన్నా ఏబీ ఉంటారు. ఆ ఊళ్ళో ఒక్కరూ లేరా?"

"ఎందుకుండరు? ఆ గడిలో ఏబీ కూడా పెట్టా నేను. ఓ, ఏ, బీ, ఏబీ. నాలుగూ పెట్టా."

"అయితే కొట్టు. ఏబీ అని కొట్టి చూపించు."

స్తెఫను కొత్త పేషెంటు తెర తెరిచాడు. పేరు దగ్గర ఏదో కొట్టాడు, వయసు దగ్గర ఏదో కొట్టాడు. గ్రూపు గడిలోకి వచ్చి ఏ నొక్కాడు. ఏ పడింది. బీ నొక్కాడు.

ఏ మాయమై బీ పడింది.

మళ్ళీ నొక్కాడు. ఏ. తర్వాత బీ. గడిలో మిగిలింది బీ ఒక్కటే.

కుర్చీ వెనక్కి పడేంత గట్టిగా లేచాడు స్తెఫను. "అమ్మా! చీర మార్చుకో! నందిగామ పోదాం!"

*

బస్సు చిల్లకల్లు దాటేదాకా ఆరోగ్యమ్మ ఓపిక పట్టింది. ఆ తర్వాత పట్టలేదు.

"ఇంతకీ ఏమైందో నాకు అర్థమయ్యేట్టు చెప్పరా."

"సూసన్‌ది ఏబీ అయ్యుండొచ్చమ్మా, తల్లిది ఏబీ అయితే పిల్లది ఏ కావచ్చు, నా ప్రోగ్రామే ఏబీని బీ అని రాసుంటుంది. గ్రూపు గడికి ఒక కమాండు పెట్టా. ఇప్పుడెవరూ వాడట్లా. స్పేస్ బార్ నొక్కుతుంటే గ్రూపులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, కావాల్సింది రాగానే ఆపేసుకోవాలి. అక్షరం కొడితే మాత్రం, ఆ అక్షరంతో మొదలయ్యేదాని దగ్గరికి దూకుతుంది. ఏ కొడితే ఏ దగ్గరికి. వెంటనే బీ కొడితే బీ దగ్గరికి. రెండూ కలిపి ఒక పేరని దానికి తెలీదు."

"దానికి తెలీదు సరే. రాసినోడివి, నీకు తెలీదా?"

"స్పేస్ బారే నొక్కమని చెప్పా వాళ్ళకి."

"చెప్పావా? నువ్వా?" అంది ఆరోగ్యమ్మ. "గొణిగి ఉంటావ్."

ముందు సీటులో కూర్చున్న క్రిస్టీకి వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

*

సూసన్ అన్న మోజెస్ నందిగామ కోర్టులో బెంచి క్లర్కు. ఇంట్లో కూడా తీర్పు చెప్పే ధోరణిలోనే మాట్లాడతాడు. ముగ్గుర్నీ చూసి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అత్తయ్యగారు లోపలికి రావచ్చు. క్రిస్టీ రావచ్చు. బావగారు మాత్రం ఏం చెప్పుకుంటారో అక్కడే నిలబడి చెప్పుకోవాలి."

"తప్పుకో మోజెస్సూ, ఎండ," అని ఆరోగ్యమ్మ అతన్ని ఒక పక్కకు జరిపి లోపలికి నడిచింది. ఆ వెనకే అందరూ వచ్చేశారు. కోర్టు ధిక్కారం జరిగిపోయింది.

సూసన్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. చేతిలో చిక్కుడుకాయలు, గిల్లుతూనే ఉంది. కూతుర్ని చూసి కళ్ళు మెరిశాయి. భర్తను చూసి మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వాలాయి.

గోడ గడియారం కూడా ఆ ఇంట్లో కాస్త గట్టిగానే కొట్టుకుంటుంది.

స్తెఫను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎక్కడో జారిపోయాయి. చివరికి నోట్లోంచి వచ్చింది ఇది:

"గ్రూపు గడికి పిక్చర్‌లో ఎం పెట్టా, సూసన్."

మోజెస్ చెల్లెలి వైపు తిరిగాడు. "విన్నావుటమ్మా? క్షమాపణ చెబుతాడనుకుంటే ఇంగ్లీషు అక్షరాలు అప్పజెబుతున్నాడు."

సూసన్ చేతిలోని కాయ సగం గిల్లి ఆగిపోయింది. నందిగామ ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దుటి బ్యాచి స్తెఫనుది, సాయంత్రం బ్యాచి ఆమెది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే పరిచయమై పెళ్ళి చేసుకున్న జంట అది. తెర మీద ఏ గడి ఎక్కడ రావాలి, ఎన్ని అక్షరాలు పట్టాలి, తప్పు కొడితే ఎలా అరవాలి, ఇవన్నీ వాళ్ళిద్దరి ఇంటి భాష. ఆ గదిలో అతని మాట అర్థమైంది ఆమెకొక్కదానికే.

"వాళ్ళు స్పేస్ బార్ నొక్కలా?" అంది మెల్లగా.

"నొక్కలా. అక్షరాలు కొట్టారు."

"ఏ కొట్టి, బీ కొట్టారు."

"ఆఁ."

"బీ పడింది."

"ఆఁ. మొత్తం వెతికాం. ఒక్క ఏబీ కూడా లేదు."

చిక్కుడుకాయల గిన్నె ఠంగున కింద పెట్టింది సూసన్. "నేను చెప్పలా? ఎం వద్దండీ, వాలిడ్ పెట్టండి, తప్పు కొడితే ముందుకు పోనివ్వదు అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పలా?"

"చెప్పావ్."

"సోకు! స్పేస్ బార్ నొక్కితే గ్రూపులు గిర్రున మారుతుంటే డాక్టరమ్మ మెచ్చుకుంటుందని సోకు!"

"మెచ్చుకుంది కూడా," అన్నాడు స్తెఫను బుద్ధిగా.

ఆరోగ్యమ్మ కిలకిలా నవ్వింది. క్రిస్టీ నవ్వింది. తనెందుకు నవ్వుతున్నాడో తెలియకుండానే మోజెస్ కూడా నవ్వేశాడు. సూసన్ మాత్రం నవ్వలేదు. తిట్టినంతసేపూ బాగానే ఉంది గాని, తిట్లు అయిపోయాక ఆమె మొహంలో మళ్ళీ ఆ వారం కిందటి మబ్బు కమ్మింది.

"అది సరేనండీ. రక్తం చూపించుకుందామా అన్నప్పుడు నా గురించి ఏమనుకున్నారు?"

"నీ గురించి కాదు."

"మరి?"

స్తెఫను కూతురి వైపు చూశాడు. క్రిస్టీ తల వంచుకుంది.

"పిల్ల మారిందేమోననుకున్నా. ఆసుపత్రిలో. మారిందని తేలితే ఎవరో వస్తారు, మా పిల్ల అంటారు. ఇవ్వను. ఎట్టా ఇస్తా? అదే తిప్పితిప్పి అనుకుంటున్నా. పైకంటే ఇది వింటుంది. వింటే తట్టుకోలేదు. అందుకని..."

"అందుకని నాకు చెప్పలేదు."

"చెప్పలా."

"నేనిక్కడ ఒక్కదాన్నే కుళ్ళికుళ్ళి ఏడుస్తుంటే మీరక్కడ ఒక్కరే కూర్చుని భయపడుతున్నారన్నమాట."

స్తెఫను తల ఊపాడు.

"నా మీద అనుమానం రాలా? ఒక్కసారన్నా?"

"రాలా."

"ఎందుకు రాలేదు?"

ఈ ప్రశ్నకు ఏ మొగుడూ సిద్ధపడి రాడు. స్తెఫను తెల్లబోయి తల్లి వైపు చూశాడు. "రావాలా?" అన్నాడు.

సూసన్ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వారం రోజులుగా గుండె మీద పెట్టుకుని మోస్తున్న రాయి ఆ ఒక్క పిచ్చి మాటతో దొర్లిపోయింది. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. ఈ మనిషికి అనుమానపడటం కూడా చేతకాదు, భగవంతుడా, అనుకుంది. ఆ చేతకానితనం మీద ఆమెకు ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేం.

మోజెస్ గొంతు సవరించుకున్నాడు. "ఒక్క మాట. అప్పుడు మా చెల్లెలిది ఏబీ అయ్యుండవచ్చు అని తేలింది. ఏబీ అని తేల్లా. మా దగ్గరైతే సంశయలాభం కింద కేసు కొట్టేస్తారు. అంతే."

మావయ్య చెప్పింది నిజమేనని అక్కడ అందరికన్నా బాగా తెలిసింది క్రిస్టీకే.

"నేను సూది గుచ్చించుకోను," అంది సూసన్. "ఆ రోజే చెప్పా. నా మంచితనం సీసాలో పట్టి చూపించాల్సిన గతి నాకు పట్టలేదు."

"వద్దు," అన్నాడు స్తెఫను వెంటనే. "నాకక్కర్లా. పద, ఇంటికి పోదాం."

"నాకు కావాలమ్మా," అంది క్రిస్టీ.

అందరూ అటు తిరిగారు.

"నాన్నకి అక్కర్లేదు, నాయనమ్మకి నా చెవులు చాలు. నాకు చాలవు. వారం నుంచి అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి పిల్లని చూస్తున్నట్టుంది. నీ పరువు కోసం కాదమ్మా. నా కోసం."

సూసన్ కూతుర్ని చూసింది. చెప్పులు వేసుకుంది.

*

బస్టాండు పక్క సందులో చిన్న లాబు. లోపల ఒకమ్మాయి సూసన్ వేలు గుచ్చి, గాజుపలక మీద రక్తం చుక్కలు పెట్టి, ఒక దాన్లో ఒక మందూ రెండో దాన్లో ఇంకో మందూ వేసి పుల్లతో కలిపింది. "బయట కూర్చోండి మేడం, పిలుస్తా," అంది.

క్రిస్టీ కూర్చోలేదు. ఆ పలకల్ని ఏటా తన పిల్లల చేత చేయిస్తుంది ఆమె. బీకి మొదటి చుక్క, అది విరిగిపోవాలి. ఏకి రెండోది, అదీ విరగాలి. బీ చుక్క ఒక్కటే విరిగిందంటే...

మొదటి చుక్క చూస్తుండగానే సన్నటి ఎర్రటి రవ్వలుగా విడిపోయింది. బీ ఉంది. రెండోది ఇంకా నున్నగానే ఉంది. క్రిస్టీ ఇంకా ముందుకు వంగింది. ఆ అమ్మాయి పలకను ఇటూ అటూ నెమ్మదిగా ఊపింది. రెండో చుక్క అంచున కొంచెం కదిలింది. తర్వాత మధ్యలో. తర్వాత మొత్తం విరిగిపోయింది.

"అమ్మా," అంది క్రిస్టీ. మళ్ళీ అంది. "అమ్మా, రెండూ."

తల్లిని గట్టిగా కరుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సూసన్ గుచ్చిన వేలుని పక్కకు పట్టుకుని, రెండో చేత్తో కూతురి వీపు రాస్తూ నిలబడింది. "ఏమేయ్, నీకు పాలిచ్చినప్పుడు కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదే," అంది. ఆమె కళ్ళు కూడా కారిపోతున్నాయి. గుమ్మంలో ఆరోగ్యమ్మ సిలువ గుర్తు వేసుకుని, "స్తోత్రం తండ్రీ," అని, కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. ఎందుకు చరిచిందో ఆమెకే తెలియాలి. స్తెఫనుకు ఆ దెబ్బ హాయిగా ఉంది.

*

జగ్గయ్యపేట బస్సులో నలుగురికీ సీట్లు దొరికాయి. మోజెస్ కిటికీలోంచి అరటిపళ్ళు అందించి, కేసు రాజీ అయిపోయినట్టు ప్రకటించి వెళ్ళిపోయాడు. సూసన్ భర్త పక్కన కూర్చుంది. ఆమె సంచీ అతని ఒళ్ళో ఉంది. ఇన్నాళ్ళూ సరిగ్గా తిన్నారా అని ఆమె అడగలేదు. ఒక పండు ఒలిచి అతని చేతిలో పెట్టింది.

వెనక సీటులోంచి క్రిస్టీ ముందుకు వంగింది.

"నాన్నా, ఆ ప్రోగ్రాం ఇంకెవరికన్నా ఇచ్చావా?"

"ఎవరికీ..." అనబోయి ఆగాడు స్తెఫను. "కీసరలో ఇచ్చా. జగన్నాథరావు డాక్టరు గారి నర్సింగ్ హోంకి. ఇదే కాపీ."

"అది కూడా మూతబడి ఉంటుందిలే," అంది సూసన్.

స్తెఫను చేతిలోని పండు అలాగే ఉంది. నోటిదాకా వెళ్ళలేదు.

"లేదు. మొన్న ఈస్టర్ ముందు ఫోన్ చేశారు. ప్రింటర్ రావట్లేదంటే సరిచేసి చెప్పా. ఇప్పటికీ తల్లుల గ్రూపులు అందులోనే రాస్తున్నారు."

డ్రైవరు వచ్చి తలుపు వేసుకున్నాడు. ఇంజను మోగింది. ఆరోగ్యమ్మ తమలపాకుకి సున్నం రాసుకుంటోంది. స్తెఫను, క్రిస్టీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సూసన్ లేచి నిలబడింది. అతని ఒళ్ళోంచి తన సంచీ తీసుకుంది.

"దిగండి."

"ఇప్పుడా? ఫోన్ చేసి చెబుతాలే. రేపు పొద్దున్నే..."

"మీరు ఫోన్లో ఏం చెబుతారో నాకు తెలుసు. దిగండి. కీసర మీదుగా పోయే విజయవాడ బస్సు అటువైపు ఆగుతుంది."

"సూసన్, ఇల్లు చేరి నాలుగు మెతుకులు తిని..."

ఆమె అప్పటికే మెట్టు మీద ఉంది. వెనక్కి తిరిగి చూసింది. మొహంలో కోపం లేదు.

"నాకోసం మీరొచ్చారు. అక్కడ నాలాగే పుట్టింట్లో కూర్చున్నవాళ్ళ కోసం ఎవరొస్తారండీ?"